ముందు ఆ 8.2 సంగతి చూడు తల్లీ

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. అమ్మకు 52 ఏళ్లు. ఆరు నెలలుగా తెల్లబట్ట, మధ్యమధ్యలో బ్లీడింగ్ అవుతున్నా ఎవరికీ చెప్పలేదు. ముక్క పరీక్ష (బయాప్సీ) చేయిస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. స్టేజ్ 2బి అన్నారు. వచ్చే సోమవారం నుంచి కరెంటు (రేడియేషన్) పెడతారు, వారానికోసారి కీమో ఇస్తారు. ఈలోగా ఒక ప్రైవేటు ల్యాబ్ మనిషి కలిశాడు. మైక్రో ఆర్‌ఎన్‌ఎ పరీక్ష చేయిస్తే జబ్బు తిరగబెడుతుందో లేదో ముందే తెలిసిపోతుందట. రక్తమైనా ఇవ్వండి, ముక్క పరీక్ష తాలూకు మైనపు బ్లాకైనా ఇవ్వండి అన్నాడు. 38 వేలు. అమ్మ రెండు సవర్ల గొలుసు తాకట్టు పెడదామని అన్న అంటున్నాడు. నేనూ కొన్ని పేపర్లు చదివాను. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఎ ఎక్కువగా ఉన్నవాళ్లకు హజార్డ్ రేషియో 2 అని చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చేయించమంటారా? ఇంకో మాట. అమ్మకు గర్భసంచిలో పుండు అని మాత్రమే చెప్పాం. నాలుగో వారంలో గంగమ్మ జాతర వస్తుంది, అప్పుడొక వారం ఆపేసి వస్తానంటోంది. లోపల పెట్టే కరెంటు అసలే వద్దంటోంది. రిపోర్టుల ఫొటోలు పంపుతున్నాను. పేరు వేయొద్దు.

జవాబు: తల్లీ, నాకు నీ ఈడు మనవరాలు ఉంది, అందుకని నువ్వనే రాస్తున్నాను. రిటైరయ్యే ముందు ముప్ఫై ఏళ్లు ముక్క పరీక్షల బల్ల దగ్గర కూర్చున్నదాన్ని. కాబట్టి నాన్చకుండా చెప్పేస్తాను: ఆ పరీక్ష వద్దు. గొలుసు అమ్మ మెడలోనే ఉండనీ. ఊరికే వద్దంటే నువ్వు వినవు, మీ అన్న అసలే వినడు. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

దానికంటే ముందు నువ్వు పంపిన ఫొటోల సంగతి. ఎమ్మారై రిపోర్టు మూడుసార్లు తీసి పంపావు. పెథాలజీ రిపోర్టులో స్క్వేమస్ సెల్ కార్సినోమా అన్న లైను కింద ఎర్రగీత గీశావు. రక్తపరీక్ష కాగితం మాత్రం ఒకటే ఫొటో, అదీ మడతపడి, సగం నీడలో ఉంది. పెద్దది చేసి చూశాను. హిమోగ్లోబిన్ 8.2. దాని గురించి నీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. ఆరు నెలలు రక్తం పోయిన మనిషికి ఆ మాత్రం తగ్గదా అనుకుని ఉంటావు. జబ్బు ఎటు పోతుందో చెప్పే మార్కర్ కోసం నువ్వు ఎక్కడికో రక్తం పంపబోతున్నావు. వంద రూపాయల మార్కర్ ఒకటి నీ ఫోన్లోనే పడి ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మైక్రో ఆర్‌ఎన్‌ఎ గురించి నీకు పాఠం అక్కర్లేదు గానీ, ఈ జవాబు మీ అన్న కూడా చదవాలి. ఆయనకు ఇలా చెప్పు. కొండ మీద లడ్డూలు చేసే పోటు ఉంది కదా. ఏ సరుకు ఎంత పడాలో చెప్పే దిట్టం ఉంటుంది. ఆ దిట్టం రాసిన పుస్తకం ఆఫీసు గదిలో భద్రంగా ఉండి, దాని నకలు చీటీ మాత్రమే పోటుకు వెళ్తుందనుకో. చీటీ అందితే లడ్డూ తయారవుతుంది. కణంలోనూ అంతే. డీఎన్ఏ గది దాటని పుస్తకం. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఎ చీటీ. తయారయ్యే లడ్డూ ప్రోటీన్. ఇక మైక్రో ఆర్‌ఎన్‌ఎ అనేది దాదాపు 22 అక్షరాల చిన్న తునక. అది పోయి చీటీకి అతుక్కుంటుంది. దాంతో చీటీ చిరిగిపోవచ్చు, లేదంటే చీటీ ఉన్నా పోటువాళ్లు చదవలేకపోవచ్చు. ఎలాగైనా ఆ సరుకు తగ్గిపోతుంది. ఒకే తునక వందల రకాల చీటీలకు అతుక్కోగలదు, ఒకే చీటీకి ఎన్నో రకాల తునకలు అతుక్కోగలవు. కాబట్టి ఒక తునక పెరిగిందనో తగ్గిందనో చూసి, పోటులో మొత్తం ఏం జరుగుతోందో చెప్పడం అంత తేలిక కాదు.

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌ల ల్యాబ్‌లు మిల్లీమీటరు పొడవున్న పురుగులో దీన్ని మొదట చూశాయి. పురుగు తాలూకు వింతేలే అని లోకం పెద్దగా పట్టించుకోలేదు. 2000లో దొరికిన రెండో రకం మనుషుల్లో కూడా ఉందని తేలాకే హడావుడి మొదలైంది. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మీ ల్యాబ్ మనిషి ఈ నోబెల్ మాట ఎత్తే ఉంటాడు. నోబెల్ ఇచ్చింది తునకను కనిపెట్టినందుకు, దాన్ని చూసి మీ అమ్మ జాతకం చెప్పినందుకు కాదు.

అయితే ఈ తునకలకూ మీ అమ్మ జబ్బుకూ సంబంధం ఉన్నమాట నిజమే. ముఖద్వార క్యాన్సర్ దాదాపు ప్రతి కేసు వెనకా హెచ్‌పీవీ వైరస్ ఉంటుంది. అందులో 16, 18 రకాల వాటాయే నూటికి 70 దాకా. ఈ వైరస్ ఈ6 అనే ప్రోటీన్‌ను తయారుచేసి, కణానికి కాపలా కాసే పీ53ని నాశనం చేయిస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఎ 34ఏను పెంచేది ఆ పీ53యే. కాపలావాడు పోయాక 34ఏ కూడా పడిపోతుంది, కణవిభజనకు కళ్లెం వదులవుతుంది. 16 రకం వైరస్ తాలూకు ఈ6 వల్ల 218 రకం తునక తగ్గుతుంది. 143, 145 రకాలు తగ్గుతాయి. 21 రకం పెరిగి, పీటెన్ లాంటి బ్రేకుల్ని నొక్కేస్తుంది. ఇవన్నీ ఒక్కచోట కాదు, చాలా ల్యాబుల్లో కనబడినవే. 2010లో అమెరికాలో నూరుకు పైగా కణితుల్ని పరీక్షించి, 200ఏ, 9 అనే రెండు తునకల మోతాదును బట్టి రోగి ఎంతకాలం బతుకుతారో అంచనా వేయొచ్చని రాశారు. నువ్వు చదివినవి ఆ కోవలో వచ్చిన పేపర్లే అయ్యుంటాయి.

వైరస్ అన్నానని ఇంట్లో ఎవరూ నాన్న వైపో అమ్మ వైపో వేలు చూపించకుండా చూడు. కాపురాలు చేసుకునే ఆడామగల్లో చాలామందికి ఎప్పుడో ఒకసారి తగిలి, దానంతటదే పోయే వైరస్ అది. కొద్దిమందిలో పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇప్పుడు నా బల్ల దగ్గరికి రా. డాక్టరు తీసిన ముక్క సుమారు కందిబద్దంత ఉంటుంది. దాన్ని ఫార్మలిన్ సీసాలో వేస్తారు. ఆ సీసా గంటలో మా దగ్గరికి వస్తుందా, వార్డు కిటికీలో సాయంత్రం దాకా కూర్చుంటుందా అన్నది ఆ రోజు ఎవరి తీరిక ఎలా ఉందనే దాన్ని బట్టి ఉంటుంది. వచ్చాక చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, తడి లాగేసి, కరిగిన మైనంలో ముంచి దిమ్మె కడతాం. చల్లారిన దిమ్మెను వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోస్తే రిబ్బను లాగా పొరలు వస్తాయి. వాటిని గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి గాజుపలక మీదికి ఎత్తుతాం. రంగు వేసి చూస్తే ఆ కందిబద్దలో ఒక మూల కిక్కిరిసిన క్యాన్సర్ కణాలు, ఇంకో మూల చచ్చిన కణజాలం, మధ్యలో చీము కణాలు, రక్తనాళాలు, ఏ జబ్బూ లేని కండ కనబడతాయి. మీ అమ్మ కణితి ఎమ్మారైలో 4.6 సెంటీమీటర్లు. అందులోంచి కందిబద్దంత తీసి, ఆ కందిబద్దలో ఏదో ఒక మూల గీరి ఆర్‌ఎన్‌ఎ తీస్తే, ఆ మూల కథ మాత్రమే తెలుస్తుంది. చీము ఎక్కువున్న మూల అయితే 21 రకం ఎక్కువ రావచ్చు, ఎందుకంటే మామూలు వాపుకు కూడా అది పెరుగుతుంది.

ఇదంతా నా అనుమానం కాదు. టొరంటో పరిశోధకులు 2015లో ప్రచురించిన పేపరు ఒకటుంది. వాళ్లు 79 మంది రోగుల దగ్గర తీసి అతిచల్లగా గడ్డకట్టించి దాచిన ముక్కల నుంచి, తొమ్మిది మైక్రో ఆర్‌ఎన్‌ఎలతో ఒక లెక్క తయారుచేశారు. ఎవరికి తిరగబెడుతుందో ఆ లెక్క చెప్తున్నట్టే కనబడింది. అక్కడితో ఆపి అచ్చేయించుకుని ఉంటే అదీ ఇంకో శుభవార్త అయ్యేది. వాళ్లు ఆపలేదు. వేరే 87 మంది మైనపు దిమ్మెల మీద అదే లెక్క వేసి చూశారు. కుదరలేదు. మొత్తం మూడు పద్ధతుల్లో చూశారు. దేంట్లోనూ కుదరలేదు. కుదరలేదనే రాశారు. ఒకే కణితిలో చోటుచోటుకూ తేడా ఉండటం, గడ్డకట్టించిన ముక్కకూ మైనపు ముక్కకూ పొంతన లేకపోవడం, ఏ యంత్రంతో కొలవాలన్న చిక్కు, ఈ మూడూ ఎదురయ్యాయని చెప్పారు. ఓడిన లెక్కను దాచుకోకుండా అచ్చేసినవాళ్లంటే నాకు గౌరవం. మీ ల్యాబ్ మనిషి అడిగింది కూడా మైనపు దిమ్మేనని గుర్తుపెట్టుకో.

మరి మొదట్లో అంత బాగా కుదిరినట్టు ఎందుకు కనబడుతుంది? మనిషిలో నమోదైన మైక్రో ఆర్‌ఎన్‌ఎలు రెండువేలకు పైనే. అందులో ఓ ఎనిమిది వందలు కొలిచామనుకో. నూటికి అయిదు పొరపాట్లు ఒప్పుకునే మామూలు లెక్క ప్రకారం, అసలు ఏ సంబంధం లేకపోయినా నలభై తునకలు మాకు సంబంధం ఉందని చెయ్యెత్తుతాయి. ఎనిమిది వందల మంది సోది చెప్పేవాళ్లు వీధిలోకొస్తే కొందరు చెప్పింది జరిగే తీరుతుంది. ఆ కొందరి పేర్లే రాసుకుని అచ్చేస్తే చదివినవాళ్లకు ఎలా ఉంటుంది? అన్ని పేపర్లూ ఇంతే అనను. ఈ పొరపాటును సరిదిద్దే పద్ధతులున్నాయి, వాడేవాళ్లూ ఉన్నారు. కానీ నువ్వు చదివిన పేపర్లలోని తునకల జాబితాలు పక్కపక్కన పెట్టి చూడు, రెండింటిలోనూ ఉన్న పేర్లు ఎన్నో లెక్కపెట్టు.

ఇక నీ నిద్ర చెడగొట్టిన ఆ 2. హజార్డ్ రేషియో అంటే ఒక గుంపులో జబ్బు తిరగబెట్టే వేగం ఇంకో గుంపుతో పోలిస్తే ఎన్ని రెట్లో చెప్పే లెక్క. అది 2 అంటే సగంమంది పోతారని కాదు. లెక్క వేసి చూపిస్తాను. ఆ తునక తక్కువున్న వందమందిలో అయిదేళ్లలో 20 మందికి జబ్బు తిరగబెట్టిందనుకో. రేషియో 2 అయితే, ఎక్కువున్న వందమందిలో సుమారు 36 మందికి తిరగబెడుతుంది. అంటే చెడ్డ గుంపులో 64 మంది బాగానే ఉన్నారు, మంచి గుంపులో 20 మంది దెబ్బతిన్నారు. గుంపుల మధ్య తేడా ఉంది, నిజమే. మీ అమ్మ ఆ 64లో ఉందా 36లో ఉందా అన్నది మాత్రం ఆ కాగితం చెప్పదు.

రక్తంతో చేసే పరీక్ష గురించి కూడా ఒక ముచ్చట చెప్పాలి. ఒకసారి నేను పనిచేసిన చోటి నుంచి పరిశోధన కోసం పన్నెండు ట్యూబులు ఐసు పెట్టెలో సర్ది వేరే ఊరికి పంపాం. మే నెల. పెట్టె బస్సు డిక్కీలో పోయి, అవతల కౌంటరు దగ్గర మధ్యాహ్నమంతా పడి ఉంది. తెరిచేసరికి ఐసంతా నీళ్లు. పైకి తేలిన సీరం ఎండుగడ్డి రంగులో ఉండాలి. ఏడు ట్యూబుల్లో గులాబీ రంగులో ఉంది. ఎర్రకణాలు పగిలాయన్నమాట. ఎర్రకణాల్లో 451, 16 రకాల మైక్రో ఆర్‌ఎన్‌ఎలు బోలెడుంటాయి. కణం పగిలితే అవన్నీ సీరంలోకి దిగుతాయి. తమాషా ఏమిటంటే, మిగతా తునకల్ని పోల్చి కొలవడానికి చాలామంది ఆ 16నే కొలబద్దగా పెట్టుకున్నారు. గజంబద్దే సాగిపోతే బట్ట పొడుగు ఎవరు చెప్పాలి?

సరే, ఇవన్నీ దాటుకుని పరీక్ష నికార్సుగా వచ్చిందనే అనుకుందాం. హై రిస్క్ అని కాగితం చేతికొచ్చింది. సోమవారం డాక్టరు దాన్ని చూసి ఏం మార్చాలి? కరెంటు మోతాదు పెంచుదామంటే పక్కనే మూత్రాశయం, పేగులు ఉన్నాయి, వాటికీ ఓ హద్దుంది. లో రిస్క్ అని వస్తే కీమో మానేస్తారా? మానరు. ముఖద్వార క్యాన్సర్‌కు ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఎ చూసి చికిత్స మార్చమని చెప్పే మార్గదర్శకం ఏదీ లేదు. జవాబు ఎటొచ్చినా అదే మందు, అదే కరెంటు. తేడా నీకూ మీ అన్నకూ పట్టే టెన్షన్‌లోనే.

ఈ తునకలు ఎప్పటికీ పనికిరావని కాదు. మగవాళ్లకు వచ్చే వృషణాల క్యాన్సర్‌లో 371 రకం రక్తపరీక్ష చాలా నమ్మకంగా పనిచేస్తోంది. అక్కడ ఆ తునక ఆరోగ్యవంతుడి రక్తంలో దాదాపుగా ఉండదు, జబ్బుంటేనే కనబడుతుంది, అందుకే పప్పులో కాలేసే అవకాశం తక్కువ. మన 21 రకం అలా కాదు, జలుబు చేసినవాడి దగ్గర్నుంచి గుండెజబ్బువాడి దాకా అందరిలో ఉంటుంది. ముఖద్వార క్యాన్సర్‌కూ ఒకనాడు సరైన తునకల గుంపు దొరకొచ్చు. నీ చదువు అయ్యాక ఆ పని నువ్వే చెయ్యి, నాకు సంతోషం. మీ అమ్మ చికిత్స మాత్రం సోమవారమే మొదలవుతోంది.

అందుకని ఆ 8.2. కరెంటు క్యాన్సర్ కణాన్ని చంపాలంటే ఆ కణం దగ్గర ఆక్సిజన్ ఉండాలి. ఆక్సిజన్ అందని కణితి కరెంటుకు మొండికేస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్లలో కరెంటు చికిత్స ఫలితాలు తగ్గుతాయని ఎన్నో ఏళ్లుగా, ఎన్నో దేశాల్లో చూస్తున్నారు. చికిత్స నడిచినన్నాళ్లూ హిమోగ్లోబిన్ కనీసం 10 ఉండేలా చూడటం చాలా ఆసుపత్రుల్లో అలవాటు. సోమవారం దాకా ఆగొద్దు. రేపే ఆ కాగితం మడత విప్పి డాక్టరు ముందు పెట్టి, రక్తం ఎక్కించాలా అని అడుగు. గొలుసు పట్టుకుని తాకట్టు కొట్టుకు పోబోతున్న మీ అన్నను, ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని బ్లడ్ బ్యాంకుకు పొమ్మను. ఆయనకూ ఏదో చేశానన్న తృప్తి ఉంటుంది, పైగా ఇది నిజంగా పనికొచ్చేది.

మీ కాగితాల్లో ఇంకా మంచి మార్కర్లే ఉన్నాయి, చూసుకోలేదు నువ్వు. లింఫు గ్రంథులు పెరగలేదని ఎమ్మారైలో ఉంది. కిడ్నీల నుంచి వచ్చే గొట్టాలకు అడ్డం పడలేదు. క్రియాటినిన్ 0.9, అంటే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వడానికి కిడ్నీలు సిద్ధంగా ఉన్నాయి. జబ్బు ఎటు పోతుందో చెప్పడంలో ఏ తునకకూ లేనంత రుజువు వీటికి ఉంది.

నువ్వు అడగలేదు గానీ, ఉత్తరమంతా ఆ ప్రశ్నే ఉంది: అమ్మ బతుకుతుందా? కరెంటుకు కీమో కలిపిన ట్రయల్స్ అన్నీ కూడి 2008లో లెక్క తీస్తే, అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు కరెంటు ఒక్కటే పెట్టిన నూటిలో 60 మంది, కీమో కూడా ఇస్తే 66 మంది. 2021లో వచ్చిన ఎంబ్రేస్ అధ్యయనంలో, ఎమ్మారై చూసుకుంటూ లోపలి కరెంటు పెట్టిన 1,300 మందికి పైగా ఆడవాళ్లలో, దశలన్నీ కలిపి, అయిదేళ్లకు నూటికి 74 మంది ఉన్నారు. కణితి ఉన్నచోట మళ్లీ రాకుండా అణిగింది నూటికి 92 మందిలో. ఇది ఇప్పుడు మీ అమ్మ వద్దంటున్న కరెంటు గురించే.

దాని గురించి అమ్మకు ఎవరో వార్డులో భయం పెట్టి ఉంటారు. బయటి నుంచి పెట్టే కరెంటు మామూలుగా 25 రోజులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, అయిదు వారాలు. అది ఒక్కటే చాలదు. కణితికి కావలసినంత మోతాదు బయటి నుంచి కొడితే పేగులూ మూత్రాశయమూ తట్టుకోలేవు. అందుకని మత్తు ఇచ్చి, ముఖద్వారం దగ్గరికి సన్నని గొట్టం పెడతారు. ఆ గొట్టంలో సన్నని తీగ చివర బియ్యపుగింజ కన్నా చిన్న ఇరిడియం పలుకు లోపలికి వెళ్లి, కొన్ని నిమిషాలుండి, వెనక్కి వచ్చేస్తుంది. గొట్టం తీసేస్తారు. ఒంట్లో ఏదీ మిగలదు, ఇంటికొచ్చాక పసిపిల్లల్ని ఎత్తుకోవచ్చు. మూడు నాలుగు సార్లు పెడతారు. సిగ్గుగా ఉంటుంది, గొట్టం ఉన్నంతసేపూ ఇబ్బందిగా ఉంటుంది, కాదనను. నొప్పి తెలియకుండా మందు అడగొచ్చు, అడగమను. పాతికసార్లు బయటి కరెంటు పెట్టించుకుని, బ్లీడింగ్ ఆగింది కదా అని ఈ ఆఖరి మూడు నాలుగు సార్లు ఎగ్గొట్టి, ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చినవాళ్ల ముక్కలు నా బల్ల మీదికి ఎన్ని వచ్చాయో లెక్క లేదు.

జాతరకు వారం ఆపడం కుదరదు. బయటి కరెంటూ లోపలి కరెంటూ కలిపి ఎనిమిది వారాల్లో ముగియాలి. గడువు దాటిన ప్రతి రోజుకూ జబ్బు అణిగే అవకాశం అర శాతం నుంచి ఒక శాతం దాకా జారుతుందని పాత అధ్యయనాలు చాలా చెప్పాయి. రేషియో 2 చూసి నిద్రపోని నువ్వు, ఈ వారం రోజుల లెక్క వేసుకో. మామూలుగా శని, ఆదివారాల్లో కరెంటు ఉండదు. గంగమ్మకు పొంగలి ఆ రెండు రోజుల్లో చల్లటి పొద్దున పెట్టించు, వేషాలు చూపించు, మధ్యాహ్నం లోపల ఇంటికి తీసుకొచ్చెయ్. కీమో వల్ల తెల్లకణాలు తగ్గి ఉంటాయి కాబట్టి తోపులాటలోకి వద్దు. సిస్‌ప్లాటిన్ పడుతున్న కిడ్నీలకు మే ఎండలో నీళ్లు తగ్గితే మంచిది కాదు. పసర్లూ చూర్ణాలూ ఎవరిచ్చినా వద్దు, ఒంటి నొప్పులకు మెడికల్ షాపు గోలీలూ వద్దు, అవీ కిడ్నీలకే తగులుతాయి. మీ పుత్తూరు కట్టు మీద నాకు గౌరవమే, కానీ అది విరిగిన చేతులకు.

38 వేలు ఖర్చు పెట్టాలనే ఉంటే, ఎనిమిది వారాలకు తిరుపతిలో ఆసుపత్రికి దగ్గర ఒక గది అద్దెకు తీసుకో. నీరసంగా ఉన్న మనిషి రోజూ పుత్తూరు నుంచి రైలో బస్సో పట్టుకుని వచ్చిపోవడం మూడో వారానికి కష్టమైపోతుంది. చాలామంది ఒకరోజు, రెండు రోజులు మానేసేది అక్కడే. చికిత్సకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, కార్డు సంగతి సోమవారానికి ముందే చూసుకో. ఇంకో డాక్టరు మాట వినాలనుంటే అలిపిరి దగ్గర 2022లో తెరిచిన క్యాన్సర్ ఆసుపత్రి, స్విమ్స్, అటు రాయవేలూరు ఉన్నాయి. కానీ వినడానికి రెండు మూడు రోజులు చాలు, దాని పేరుతో నెల పోగొట్టుకోవద్దు.

అమ్మకు నిజం చెప్పండి. పుండు అని చెప్పారు కాబట్టే జాతరకు ఆపొచ్చు అనుకుంటోంది. పుండుకు వారం కట్టు మారకపోతే ఏమవుతుంది? ఆమె ప్రకారం ఆమె సరిగ్గానే ఆలోచిస్తోంది. కీమో వార్డులో పక్క మంచం ఆవిడ ఎటూ చెప్పేస్తుంది. అలా తెలిసేకంటే నీ నోట వినడం నయం. "అమ్మా, ఇది క్యాన్సరే, కానీ గర్భసంచి పక్కకే వచ్చి ఆగింది, దీనికి మందుంది, ఎనిమిది వారాలు ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకూడదంట" అని చెప్పి, తర్వాత నువ్వు మాట్లాడకు. ఆమె ఏడిస్తే ఏడవనీ, ఆమె ఏమడుగుతుందో విను. ఆరు నెలలు తెల్లబట్ట సంగతి ఎవరికీ చెప్పుకోలేని మనిషి, ఇప్పుడైనా అడగాలి కదా.

ఆఖరుగా ఆ మైనపు బ్లాకు. ల్యాబ్ మనిషికి ఇచ్చావో లేదో నీ ఉత్తరంలో లేదు. ఇచ్చి ఉంటే వెంటనే వెనక్కి తెచ్చుకో. కందిబద్దంత ముక్కే కదా, వాళ్లు పొరలు కోసుకుంటూ పోతే మిగలదు. జబ్బు ఎప్పుడైనా తిరగబెడితే, ఇమ్యునోథెరపీ పనిచేస్తుందో లేదో చూసే పీడీ-ఎల్1 పరీక్షకు ఆ బ్లాకే అడుగుతారు. ఇవ్వకపోతే పెథాలజీలోనే ఉంచు. ఒకవేళ నీ దగ్గరే ఉంటే దాని మీది నంబరు ఫొటో తీసుకుని, గట్టి మూతున్న డబ్బాలో వేసి ఎండ తగలని చోట పెట్టు. టీవీ మీద, వంటింటి అల్మారాలో వద్దు, మైనం మెత్తబడుతుంది.